నల్లగొండలో తోమ్ యమ్ వండుకోవడం ఎట్లా? రెండేళ్లు తిన్న పులుసు మనసులోంచి పోవడం లేదు

నకిరేకల్_నిమ్మతోట
ఆదివారం, రాత్రి 10:20

అందరికీ నమస్తే. ఇక్కడ బయటి దేశాల్లో చదువుకుని వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. నేను థాయ్‌లాండ్‌లో ఏఐటీలో (ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ) నీటి ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ చేశాను. బ్యాంకాక్‌కి ఉత్తరాన దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో, పథుమ్ థాని అనే చోట ఉంటుంది. ఇంటికి వచ్చి ఐదు నెలలైంది. ఉద్యోగం దొరికింది, అమ్మ చేతి అన్నం దొరికింది, అన్నీ బాగున్నాయి. అక్కడి పుల్లటి, కారం పులుసు తోమ్ యమ్ ఒక్కటే దొరకడం లేదు, వాన పడితే చాలు అదే గుర్తొస్తోంది.

అసలు వెళ్లిన మొదటి నెల నాకు అక్కడి తిండి పడనే లేదు. ఏ కూర చూసినా తియ్యగా అనిపించేది, చేపల సాస్ వాసనకి కడుపులో తిప్పేది. గదిలో అన్నం వండుకుని అమ్మ కట్టిచ్చిన చింతకాయ తొక్కు కలుపుకుని తినేవాణ్ణి, ఆ సీసా కూడా అడుగంటే రోజు వచ్చేసింది. ఆ వారంలోనే ఒక రోజు క్లాసులో తాగునీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతుల పాఠం. తెర మీద పెద్ద అక్షరాలతో 'నల్గొండ టెక్నిక్' అని వచ్చింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ని అడుక్కి దింపే పద్ధతి, 1975లో నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి వాళ్లు తయారు చేసింది. పక్కన కూర్చున్న పిల్లలు అది ఎవరో శాస్త్రవేత్త పేరు అనుకున్నారు. కాదు, మా జిల్లా అని చెప్పాను. మా మేనత్త నడుము వంగిపోయి, మోకాళ్లు బిగుసుకుపోయి ఇంట్లోంచి వాకిట్లోకి రావడానికి ఎంతసేపు పట్టేదో కూడా చెప్పాను. చెప్తుంటే గొంతు పూడుకుపోయింది.

క్లాస్ అయ్యాక ఒక థాయ్ స్నేహితుడు ఏమీ మాట్లాడకుండా నన్ను గేటు బయట ఒక చిన్న హోటల్‌కి తీసుకెళ్లాడు. రేకుల పందిరి, ప్లాస్టిక్ స్టూళ్లు, బయట వాన. నడుమ పొగగొట్టం లాంటిది ఉండి దాంట్లో బొగ్గులు, చుట్టూ పులుసు పోసిన గిన్నె తెచ్చి పెట్టారు. పైన నారింజ రంగు నూనె చుక్కలు తేలుతున్నాయి. మొదటి చెంచాకి నాలుక రెండు పక్కలా పులుపు కొట్టింది, మింగాక గొంతులో కారం పట్టుకుంది, దగ్గు, కళ్లలో నీళ్లు, నెత్తి మీద చెమట. ఆ రోజు నేను రెండు ప్లేట్ల అన్నం తిన్నాను. నెల రోజుల తర్వాత కడుపు నిండా తిన్నది అదే మొదటిసారి. ఆ తర్వాత రెండేళ్లలో వారానికి కనీసం రెండుసార్లు అక్కడికి వెళ్లకుండా ఉండలేదు.

ఇప్పుడు సమస్య ఏంటంటే, ఇక్కడ రెండుసార్లు చేశాను, రెండుసార్లూ చెడిపోయింది. ఒకసారి ఆన్‌లైన్‌లో తెప్పించిన పేస్టుతో చేస్తే తియ్యటి టమాటా సాస్ లాగా వచ్చింది. హైదరాబాద్‌లో ఒక హోటల్‌కి వెళ్లి తింటే మొక్కజొన్న పిండి కలిపి చిక్కగా, జిగటగా చేసి ఇచ్చారు. అమ్మకి ఒక్కసారైనా అసలు రుచి చూపించాలని ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

సాగర్_ఎడమకాలువ
ఆదివారం, రాత్రి 10:52

తమ్మీ, నువ్వు రాసింది చదువుతుంటేనే నోట్లో నీళ్లు ఊరుతున్నయ్. కానీ ఒక మాట అడుగుతా. మన చారు మంచిగా పుల్లగా కాచి, మిరియాలు కొంచెం ఎక్కువ దంచి వేసి, అందులో నాలుగు రొయ్యలు వేస్తే అదే కదా?

నకిరేకల్_నిమ్మతోట
ఆదివారం, రాత్రి 11:15

లేదన్నా, నేనూ మొదట అట్లాగే అనుకున్నా, అందుకే మొదటిసారి చెడగొట్టుకున్నా. చారులో చింతపండు పులుపు మరిగి మరిగి మెత్తబడుతుంది, మిరియం, జీలకర్ర, పోపు అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. తోమ్ యమ్‌లో ఏదీ కలిసిపోదు. నిమ్మరసం పచ్చిగానే ఉంటుంది, మిరపకాయ పచ్చిగానే ఉంటుంది, ఒక్కొక్కటీ విడివిడిగా నాలుకకి తగులుతుంది. మన దాంట్లో దానికి దగ్గరిది వెతికితే చారు కాదు, పచ్చిపులుసు. నానబెట్టి పిండిన చింతపండు రసంలో కాల్చిన పచ్చిమిర్చి నలిపి, పచ్చి ఉల్లిగడ్డ వేసి, పొయ్యి మీద పెట్టకుండానే తింటాం కదా. ఆ పచ్చితనమే ఇందులోనూ ఉండేది. వేడి వేడి పచ్చిపులుసు అనుకోండి.

రంగ్‌సిత్_నుంచి
సోమవారం, ఉదయం 7:05

అన్నా, నేను ఇప్పుడు అక్కడే చదువుతున్నా, మాది సూర్యాపేట. మీరు చెప్పిన పచ్చిపులుసు మాట వంద శాతం నిజం. థాయ్‌లో తోమ్ అంటే ఉడకబెట్టడం, యమ్ అంటే పుల్లగా కారంగా కలపడం, పచ్చి కూరగాయలతో చేసే సలాడ్లకి కూడా అదే పేరు. అంటే పేరులోనే రెండు పనులు ఉన్నాయి, సగం పొయ్యి మీద, సగం పొయ్యి దించాక. మనవాళ్లు చేసే తప్పంతా ఆ రెండో సగాన్ని కూడా పొయ్యి మీదే చేయడం.

నేను ఉండే సోయ్‌లో, అంటే సందులో, ఒక పెద్దావిడ హోటల్ నడుపుతుంది, అందరూ 'పా' అని పిలుస్తారు, అంటే పెద్దమ్మ అన్నట్టు. ఆవిడ పక్కన నిలబడి చూసి నేర్చుకున్నది రాస్తున్నా. రొయ్యల తలలు పారెయ్యదు. తలలు, పొట్టు కొంచెం నూనెలో వేసి గరిటెతో గట్టిగా నొక్కుతుంది, తలలో ఉండే కొవ్వు కరిగి నారింజ రంగులోకి వస్తుంది, మీరు చెప్పిన ఆ నూనె చుక్కలు అవే. తర్వాత నీళ్లు పోసి పావుగంట మరిగించి వడగడుతుంది. ఆ నీళ్లలో నిమ్మగడ్డి కాడలు (ఆకులు కాదు, కింద తెల్లగా ఉండే మొదలు) రోకలితో ఒక దెబ్బ కొట్టి వేస్తుంది, 'ఖా' అనే దుంప పలచగా కోసి వేస్తుంది, మక్రూట్ నిమ్మ ఆకుల్ని నడిమి ఈనె తీసేసి చింపి వేస్తుంది. పుట్టగొడుగులు వేసి ఉడికాక రొయ్యలు వేస్తుంది, అవి రంగు మారగానే మంట ఆపేస్తుంది. ఇక అప్పుడు చేపల సాస్, దంచిన చిన్న మిరపకాయలు. నిమ్మరసం మాత్రం గిన్నెలో ముందే పిండి పెట్టి, దాని మీద వేడి పులుసు పోస్తుంది. ఉడుకుతున్న దాంట్లో పిండితే ఆ వాసన ఆవిరిలో పోతుంది, చేదు కూడా వస్తుంది.

నిమ్మగడ్డి, దుంప, ఆకులు గిన్నెలోనే ఉంటాయి గానీ నమలరు, మన కరివేపాకు లాగా పక్కన పెడతారు. మా రూమ్మేట్ తెలియక మొదటి రోజు దుంప నమిలి చాలా ఇబ్బంది పడింది.

నకిరేకల్_నిమ్మతోట
సోమవారం, ఉదయం 7:30

చెల్లీ, నీకు ఎంత చెప్పినా తక్కువే. తలలు నొక్కే సంగతి నాకు అస్సలు తెలియదు, రెండేళ్లు తిన్నాను గానీ వంటింటి వైపు ఒక్కసారి తొంగి చూడలేదు. ఒకటి అడగాలి, నేను తిన్నది కొంచెం పాల రంగులో ఉండేది, అది వేరేనా?

రంగ్‌సిత్_నుంచి
సోమవారం, ఉదయం 7:41

అది నామ్ ఖోన్, చిక్కటిది. చక్కెర లేని చిక్కబెట్టిన డబ్బా పాలు చివర్లో పోస్తారు, నామ్ ప్రిక్ పావ్ అని వేయించిన మిరపకాయల ముద్ద ఒక చెంచా వేస్తారు. తేటగా ఉండేది నామ్ సాయి. పా అయితే తేటదే అసలుదని గట్టిగా అంటుంది, నాకైతే వాన రోజున చిక్కటిదే ఇష్టం. ఇంకోటి, 2024 డిసెంబరులో తోమ్ యమ్ కుంగ్‌ని యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. కుంగ్ అంటే రొయ్య. పుట్టింది నది ఒడ్డు ఊళ్లలో, నదిలో దొరికే పెద్ద రొయ్యలతో చేసేవాళ్లు.

దేవరకొండ_ఫార్మసీ
సోమవారం, మధ్యాహ్నం 1:18

ఆ 'ఖా' అనేది మన దుంపరాష్ట్రం. ఆయుర్వేద దుకాణాల్లో ఎండబెట్టిన ముక్కలు దొరుకుతాయి, కీళ్ల నొప్పుల కషాయాల్లో వాడతారు. కానీ వంటకి ఎండుది తీసుకోకండి, పచ్చి దుంపకి ఉండే ఆ కర్పూరం లాంటి చల్లటి వాసన ఎండితే ఉండదు. అల్లం వేసినా సరిపోదు, చూడటానికి ఒకేలా ఉన్నా అల్లం ఘాటు దారే వేరు.

ఇంకో విషయం. మిరపకాయలో ఉండే క్యాప్సైసిన్ నోట్లో ఏ గ్రాహకానికి అతుక్కుంటుందో, దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టేది కూడా అదే గ్రాహకం. అందుకే మరుగుతున్న పులుసులో పచ్చి కారం ఉంటే రెండూ కలిసి కొడతాయి, అదే మిరపకాయ చల్లటి పచ్చిపులుసులో అంత మండదు. తిన్నాక నీళ్లు తాగితే తగ్గదు, ఆ పదార్థం నీటిలో కరగదు. పాలు, పెరుగు పనిచేస్తాయి. చిక్కటి రకంలో పాలు పోయడం వల్ల కారం నెమ్మదిస్తుందని నా అభిప్రాయం.

పాలమూరు_పిల్లగాడు
సోమవారం, సాయంత్రం 6:02

నాది కొరియా కథ. దేజాన్‌లో చదివాను, చలి మైనస్‌లోకి వెళ్లే ఊరు. అక్కడ నా ప్రాణం నిలబెట్టింది సుందుబు జ్జిగే. మట్టి గిన్నెలో కుతకుతలాడుతూ వస్తుంది, బల్ల మీద పెట్టాక కూడా రెండు నిమిషాలు ఉడుకుతూనే ఉంటుంది, దాంట్లో పచ్చి గుడ్డు కొట్టి పోసుకోవాలి. లోపల వెన్న లాంటి మెత్తటి సోయా పనీర్. ఎర్రగా ఉంటుంది గానీ వాళ్ల మిరపపొడి మనదంత మండదు, కొంచెం తియ్యగా, పొగ వాసనతో ఉంటుంది. మా నాయన వలస పనికి ముంబై పోయినప్పుడు అక్కడ జొన్నరొట్టె దొరక్క ఎట్లా బాధపడ్డాడో చిన్నప్పుడు చెప్పేవాడు, దేజాన్‌లో మొదటి చలికాలం నాకు ఆ మాటే గుర్తొచ్చేది. ఆ గిన్నె రెండు చేతులతో పట్టుకుంటే వేళ్లకి ప్రాణం వచ్చేది. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఉన్నా, మెత్తటి సోయా పనీర్ దొరకదు, అది ఒక్కటే లోటు.

అన్నా, మా పెరట్లో దుంపరాష్ట్రం చెట్టు ఉంది! మా నానమ్మ దగ్గుకి పెట్టుకుంది. ఇన్నాళ్లూ అదేదో కొండ అల్లం అనుకున్నా, ఫార్మసీ అన్న చెప్పాక ఆకు విరిచి వాసన చూసి నానమ్మని అడిగితే అదే పేరు చెప్పింది. మీకు తవ్వి పంపిస్తా, నల్లగొండ బస్సులో డ్రైవర్‌కి ఇస్తే చేరుతుంది.

అచ్చంపేట_అమ్మ
సోమవారం, రాత్రి 9:27

బిడ్డా, నాకు ఇట్ల రాయడం కొత్త, తప్పులుంటే ఏమనుకోవద్దు. మా అమ్మాయి చైనాలో చెంగ్డూలో ఎంబీబీఎస్ చదువుతుంది. నాలుగేండ్లయింది. పోయినసారి సెలవులకు వస్తే నాటుకోడి పులుసు, జొన్నరొట్టె, దానికి ఇష్టమైనవన్నీ చేసిన. తింటనే ఉంది, తింటనే అక్కడి హాట్‌పాట్ గురించి చెప్తనే ఉంది. ఎర్రటి నూనెలో మిరపకాయలు తేలుతయంట, నాలుక తిమ్మిరెక్కే గింజలు వేస్తరంట, స్నేహితులంతా ఒకటే గిన్నె చుట్టూ కూర్చుని గంటలు గంటలు తింటరంట. నాకు మనసుల కష్టమనిపించింది. నా చేతి వంట మీద ఇష్టం పోయిందా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నువ్వు మీ అమ్మకి చూపించాలని అన్నవు కదా, అందుకే అడుగుతున్న. మీకు అక్కడి తిండి అంత ఎందుకు గుర్తుంటది?

నకిరేకల్_నిమ్మతోట
సోమవారం, రాత్రి 10:10

అమ్మా, మీ మాట చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మీ అమ్మాయికి మీ వంట మీద ఇష్టం పోలేదు. ఊరు కాని ఊళ్లో, ఒంటరిగా, అమ్మ గుర్తొచ్చి ఏడుపు వచ్చిన రోజున నోటికి కారం తగిలిన మొదటి తిండి అది అయ్యుంటుంది. నాకు అంతే జరిగింది. ఆ రోజు గొంతులో కారం పట్టుకున్నప్పుడు ఇంటికి వచ్చినట్టు అనిపించింది. అక్కడ అన్నీ తియ్యటి వంటలే అయ్యుంటే ఇంతగా అతుక్కునేవాణ్ణి కాదు. ఇంటికి వచ్చాక ఆ సంగతి మీతో చెప్పుకుంటే గానీ తనకి నిండదు. నాదీ అదే గొడవ, అమ్మకి చూపిస్తే గానీ నాకు నిండదు.

ఆ తిమ్మిరెక్కే గింజల్ని సిచువాన్ మిరియాలు అంటారు, అవి మన మిరియం జాతి కాదు, నిమ్మ కుటుంబానికి చెందిన చెట్టువి. ఈసారి వచ్చినప్పుడు కొన్ని తెమ్మనండి, మీ నాటుకోడి పులుసులోనే చిటికెడు పొడి వేసి ఇద్దరూ కలిసి తినండి.

రంగ్‌సిత్_నుంచి
సోమవారం, రాత్రి 10:34

ఆంటీ, నేనూ మా అమ్మతో రోజూ వీడియో కాల్‌లో ఈ పులుసు గురించే మాట్లాడతా. ఏం తిన్నావని అడుగుతుంది కదా, దిగులు పడకుండా ఉండాలని వర్ణించి వర్ణించి చెప్తా.

మిర్యాలగూడ_వరికోత
మంగళవారం, ఉదయం 8:15

నాకు విదేశాలు తెలియవు గానీ ఒకటి చెప్పాలనిపించింది. మిరపకాయ మనదీ కాదు, వాళ్లదీ కాదు. అమెరికా ఖండం నుంచి 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో ఆసియాకి వచ్చింది. అంతకు ముందు మన పులుసుల్లో మిరియమే కారం.

రంగ్‌సిత్_నుంచి
మంగళవారం, ఉదయం 8:40

అన్నా, ఇక్కడి భాషలో దానికి సాక్ష్యం కూడా ఉంది. మిరపకాయని ప్రిక్ అంటారు, మిరియాన్ని ప్రిక్ థాయ్ అంటారు. అంటే థాయ్ కారం మిరియమే, మిరపకాయ తర్వాత వచ్చి చేరిందే.

సాగర్_ఎడమకాలువ
బుధవారం, రాత్రి 8:05

తమ్మీ, రొయ్యల సంగతి నాకు వదిలెయ్. సాగర్ రిజర్వాయర్‌లో నీలకంఠ రొయ్యలు పడతయ్, పెద్దవి, తల నిండా కొవ్వు ఉంటది. శనివారం పొద్దున్నే ఐదు గంటలకు వస్తే జాలర్ల దగ్గర నీళ్లలోంచి తీసినవి తీసిచ్చే పూచీ నాది. ఐస్‌లో పెట్టినవి కొనకు, తల నల్లబడితే ఆ నూనె రాదు.

నకిరేకల్_నిమ్మతోట
ఆదివారం, రాత్రి 9:50

చేశాను. పూర్తిగా రాస్తా.

సాగర్ అన్న ఇచ్చిన రొయ్యలు, పాలమూరు నుంచి బస్సులో వచ్చిన దుంప, పక్కింటి వాళ్ల కుండీలోంచి నిమ్మగడ్డి. మక్రూట్ ఆకు ఒక్కటే దొరకలేదు. పొద్దున తోటలోకి వెళ్లి నిలబడితే తట్టింది, నాలుగెకరాల నిమ్మతోట పెట్టుకుని నిమ్మ ఆకు కోసం వెతుకుతున్నానేంటని. మాది బాలాజీ రకం. ముదురు ఆకు నలిపితే చేదు వాసన, లేత చిగురు నలిపితే మాత్రం మంచి సువాసన. మక్రూట్ అంత గాఢంగా లేదు, దానికి ఉండే ఆ పూల వాసన ఇందులో లేదు, కానీ అదే ఇంటి పిల్ల అని తెలుస్తోంది. నాలుగు ఆకులు వేయాల్సిన చోట పన్నెండు చిగుళ్లు వేశాను.

నామ్ ప్రిక్ పావ్ అమ్మే చేసింది. ఎండుమిర్చి, ఎల్లిపాయ, ఉల్లిగడ్డ పెనం మీద నల్ల మచ్చలు వచ్చేదాకా వేయించి, అంగట్లో తెచ్చిన ఎండు రొయ్యలు, కొంచెం చింతపండు, తాటిబెల్లం వేసి రోట్లో నూరింది. తర్వాత నూనెలో మగ్గబెట్టింది. నూరుతూ నూరుతూ, "ఇది మన ఎండుమిరపకాయల తొక్కే కదరా, బెల్లం ఎక్కువైంది అంతే" అంది. చేపల సాస్ నల్లగొండలో దొరకలేదు, హైదరాబాద్ నుంచి తెప్పించాను. మూత తీసినప్పుడు అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. రెండు చెంచాలు పులుసులో పడి కలిశాక ఆ వాసన ఎటు పోయిందో తెలియలేదు.

తలలు నొక్కినప్పుడు నూనె రంగు మారడం చూసి నాకు చేతులు వణికాయి. మంట ఆపాను. గిన్నెల్లో మా తోట నిమ్మకాయలు పిండి, పైన పులుసు పోశాను. ఆవిరి మొహానికి తగలగానే ఆ రేకుల పందిరి, ఆ వాన కళ్ల ముందుకు వచ్చేశాయి.

నాయన మొదట రెండు చెంచాలు తాగి ఏమీ అనలేదు. తర్వాత అన్నంలో పోసుకున్నాడు. నేను భయపడుతూ చూస్తున్నా. సగం తిన్నాక అడిగాడు, "అక్కడ నువ్వు రెండేండ్లు ఇదే తిన్నవా?" అవును అన్నాను. "మరి ఫోన్ల చెప్పకపోతివి. నువ్వు తొక్కు వేసుకుని తింటున్నవని మీ అమ్మ ఎన్ని రాత్రులు అన్నం సరిగ్గా తినలేదో నీకు తెలుసా" అన్నాడు. నిజమే, మొదటి నెలలో చెప్పిన ఆ ఒక్క మాటే వాళ్ల మనసులో ఉండిపోయింది, తర్వాత నేను కడుపు నిండా తింటున్న సంగతి నేనే ఎప్పుడూ వివరంగా చెప్పలేదు.

అమ్మ మాత్రం గిన్నె ఎత్తి చివరి చుక్క దాకా తాగింది. కళ్లలో నీళ్లు తుడుచుకుంటూ ఇంకో సగం నిమ్మకాయ పిండుకుంది.

రంగ్‌సిత్_నుంచి
ఆదివారం, రాత్రి 10:02

అన్నా, నేను ఇప్పుడే మా అమ్మకి ఫోన్ చేస్తున్నా.

దేవరకొండ_ఫార్మసీ
ఆదివారం, రాత్రి 10:30

చాలా సంతోషం. ఆకు కోసం ఒక మాట, కడియం నర్సరీల్లో థాయ్ నిమ్మ మొక్క ఉందేమో అడగండి. ఆకు చూస్తే గుర్తుపట్టొచ్చు, ఒకే కాడకి రెండు ఆకులు ఒకదాని కొసకి ఒకటి అతికించినట్టు ఉంటుంది.

నకిరేకల్_నిమ్మతోట
ఆదివారం, రాత్రి 10:44

తప్పకుండా అన్నా. దొరికితే తోటలో బోరు పక్కనే పెడతా, అమ్మ ఇప్పటికే చోటు చూసి పెట్టింది.

అచ్చంపేట_అమ్మ
సోమవారం, ఉదయం 6:12

బిడ్డా, రాత్రి మా అమ్మాయితో మాట్లాడిన. ఆ గింజలు తెమ్మని చెప్పిన. "నీకెట్ల తెలుసమ్మా వాటి పేరు" అని నవ్వింది. గంటసేపు ఆ హాట్‌పాట్ గురించి అడిగి అడిగి చెప్పించుకున్న. నీ పులుసు కొలతలు కూడా వివరంగ రాయి, అచ్చంపేటల రొయ్యలు దొరకవు, కోడితో చేస్తే వస్తదా?

రంగ్‌సిత్_నుంచి
సోమవారం, ఉదయం 6:50

వస్తుంది ఆంటీ, ఇక్కడ దాన్ని తోమ్ యమ్ కాయ్ అంటారు, కాయ్ అంటే కోడి. నాటుకోడి అయితే ఎముకలతో నలభై నిమిషాలైనా మరగనివ్వండి. నలుగురికి లీటరున్నర నీళ్లు, నిమ్మగడ్డి మూడు కాడలు, దుంప బొటనవేలంత, నిమ్మకాయలు మూడు. మిరపకాయలు మీ ఇష్టం. నిమ్మరసం మాత్రం మంట ఆపాకే.